పటియాలా డిప్లొమా లేని మాస్టార్ల గొడవ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ పోస్టుల మాట ఎప్పుడొచ్చినా పాత గొడవే మళ్లీ రాజుకుంటుంది. ఊళ్లో ఏళ్ల తరబడి పిల్లల చేత బరువులెత్తిస్తున్న మాస్టారు ఒకవైపు, పంజాబ్‌లోని పటియాలాలో ఏడాది చదివి కోచింగ్ డిప్లొమా తెచ్చుకున్న కుర్రాడు మరోవైపు. పోస్టు ఎవరికివ్వాలి?

ఇందుకోసం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి కాలం దాకా వెళ్లక్కర్లేదు. ఆ కథ ఇక్కడ బడి పిల్లలకీ తెలుసు. అసలు మలుపు 1990లో ఉంది. ఆ ఏడాది వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి జాతీయ శిక్షణ శిబిరంలో చేరారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయికి పన్నెండేళ్ల వయసులో బార్ పట్టడం నేర్పింది నీలంశెట్టి అప్పన్న. శిబిరానికి వెళ్లాక ఆమెకు సర్కారు కోచ్‌లు, విదేశీ కోచ్‌లు దొరికారు. 1994, 1995ల్లో ప్రపంచ విజేత అయ్యారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచారు. ఆ పతకం తర్వాత జిల్లాకు పేరొచ్చింది. పిల్లను కనిపెట్టి తయారు చేసే పని మాత్రం ఊళ్లోనే మిగిలింది, జీతమేమో శిబిరంలోని వాళ్లకు. నేటి తగాదా అంతా ఈ పంపకం దగ్గరే పుట్టింది.

ఈ పంపకానికి ముద్ర వేసింది పటియాలాలోని ఎన్ఐఎస్, అంటే కోచ్‌లను తయారు చేసే జాతీయ క్రీడా సంస్థ. 1961లో మోతీబాగ్ ప్యాలెస్‌లో మొదలైన ఆ సంస్థ ఇచ్చే ఏడాది డిప్లొమానే కోచ్ పోస్టులకు కొలమానం అయింది. అదే సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతుంది కానీ, డిప్లొమా అడిగే చోట అది చాలదు. సాయ్ (కేంద్ర క్రీడా ప్రాధికార సంస్థ) నియామకాల్లో డిప్లొమా లేకపోతే ఒలింపిక్ స్థాయి ఆట రికార్డైనా ఉండాలి. తెల్లారే పిల్లల్ని లేపి సాధన చేయించి, ఆ తర్వాత తన పనికి పోయే మనిషి ఏడాదిపాటు పంజాబ్‌లో ఎలా కూర్చుంటాడు? ఇంటి ఖర్చు ఎవరు చూస్తారు? అందుకే ఇక్కడి కుర్రాళ్లు కోచ్ అవుదామని కాకుండా, పీఈటీ (బడిలో వ్యాయామ టీచర్) అవుదామని బీపీఈడీ చదువుతారు. డీఎస్సీలో వస్తే పర్మినెంటు ఉద్యోగం, కోచ్‌గా వెళ్తే ఎక్కువగా కాంట్రాక్టే. తప్పు పట్టలేం.

నెల్లిమర్ల మండలం కొండవెలగాడ చూడండి. ఒక్క ఊరి నుంచే తరం తర్వాత తరం లిఫ్టర్లు వస్తున్నారు. అక్కడ సీనియర్ జూనియర్‌కు నేర్పుతాడు, జూనియర్ తమ్ముడికి నేర్పుతాడు. ఆ నేర్పే పనికి ఏ సర్టిఫికెట్టూ రాదు.

2020లో కేంద్రం వెయ్యి ఖేలో ఇండియా క్రీడా శిక్షణ కేంద్రాలు పెడతామన్నప్పుడు ఆశ కలిగింది. తీరా చూస్తే అక్కడ కోచ్‌గా ఉండాల్సింది మాజీ విజేత. పతకం తెచ్చినవాళ్లకు చోటుంది, తెప్పించినవాళ్లకు లేదు. ఆటగాళ్ల పాత కష్టానికి అది న్యాయమే, కాదనను. కానీ జిల్లా స్థాయిలో ఆగిపోయి, తన శిష్యుల్ని జాతీయ స్థాయికి పంపినవాడు మళ్లీ గేటు బయటే.

డిప్లొమా వాళ్ల మాటలోనూ పస ఉంది. గాయాలు, ఆహారం, నిషేధిత మందులు అనుభవంతో అంచనా వేసే విషయాలు కావంటారు. కొండవెలగాడకే చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో తెచ్చిన కాంస్యం తర్వాత రజతంగా మారింది. కారణం, స్వర్ణం గెలిచిన పదహారేళ్ల నైజీరియా అమ్మాయి నిషేధిత మందుల (డోప్) పరీక్షలో దొరికిపోవడం. ఆ మందుల సంగతి తెలిసిన కోచ్ ఎందుకు కావాలో ఇదే చెబుతుంది.

రాష్ట్రం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచడంతో మాస్టార్ల దగ్గరికి పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులకు మరో కారణం దొరికింది. మాస్టారి స్థితి అలాగే ఉంది.

అనుభవానికి మార్కులు కలపాలన్నది ఊరి శిక్షకుల కోరిక. ఆ అనుభవాన్ని ఎవరు ధ్రువీకరిస్తారని డిప్లొమా వాళ్లు అడుగుతున్నారు. క్రీడా సంఘం లెటరు చాలంటే, ఏ సంఘం? రాష్ట్ర ఒలింపిక్ సంఘమే ఒకప్పుడు రెండు వర్గాలుగా చీలి కొట్లాడుకుంది. శిష్యుల పోటీ రికార్డులనే లెక్కలోకి తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు వీడుతుంది. అయితే ఆ రికార్డుల్లో కోచ్ గడిలో ఎవరి పేరు రాశారన్నది కూడా చూడాలి.