అమెరికాలో అత్యవసర వైద్యం: మనవారిలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

నేను టెక్సాస్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ కావడంతో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, హెచ్1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నవారు, మనవలను చూసుకోవడానికి వచ్చిన పెద్దలు మా దగ్గరికి తరచూ వస్తుంటారు. బాధ ఏమిటంటే, వారిలో చాలామంది రావలసిన వేళకు రారు. రాత్రి మొదలైన ఛాతీనొప్పిని తెల్లవారేదాకా ఓర్చుకుని వస్తారు. ఎందుకు ఆగారని అడిగితే, బిల్లు గురించో వీసా గురించో ఎవరో చెప్పిన మాట బయటపడుతుంది. అలా ఎక్కువగా వినిపించే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ఇన్సూరెన్స్ లేకపోతే ఆసుపత్రిలో ముట్టుకోరు.

వాస్తవం: 1986లో వచ్చిన ఎంటాలా అనే ఫెడరల్ చట్టం ప్రకారం, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకంలో ఉండి అత్యవసర విభాగం నడిపే ప్రతి ఆసుపత్రీ, అక్కడికి వచ్చినవారిని డబ్బుతోనూ పౌరసత్వంతోనూ నిమిత్తం లేకుండా పరీక్షించాలి, ప్రాణాపాయం వంటి అత్యవసర స్థితి ఉంటే పరిస్థితి నిలకడకు వచ్చేదాకా చికిత్స చేయాలి. పురిటినొప్పులతో వచ్చిన స్త్రీకి కూడా ఇదే వర్తిస్తుంది. ఇన్సూరెన్స్ కార్డు అడుగుతారు గానీ, దాని కోసం పరీక్షను ఆలస్యం చేయకూడదు. అయితే ఈ చట్టం వైద్యాన్ని ఉచితం చేయదు, నిలకడకు వచ్చిన తర్వాత నెలల తరబడి సాగే చికిత్సకు హామీ ఇవ్వదు. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది, దాని సంగతి కింద రాశాను.

అపోహ: ఆసుపత్రికి వెళితే వీసాకు ఇబ్బంది.

వాస్తవం: 2024 నవంబరు నుంచి టెక్సాస్ ఆసుపత్రులు, రోగి ఈ దేశంలో చట్టబద్ధంగా ఉంటున్నారా అని అడుగుతున్నాయి. గవర్నరు ఉత్తర్వు వల్ల వచ్చిన ప్రశ్న ఇది. జవాబు ఏదైనా వైద్యంలో తేడా రాకూడదని ఆ ఉత్తర్వే చెబుతోంది. గడువు మీరని ఎఫ్1 (చదువు), హెచ్1బీ (ఉద్యోగం), బీ2 (సందర్శన) వీసాల మీద ఉన్నవారు చట్టబద్ధంగా ఉన్నవారే కాబట్టి, ఆ ప్రశ్న చూసి వెనుదిరిగిపోవలసిన పని లేదు.

అపోహ: అంబులెన్సుకు వేల డాలర్లు అవుతాయి, ఉబర్‌లో వెళ్లడమే తెలివైన పని.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. 2005లో హైదరాబాదులో మొదలైన 108 సేవ మనకు ఉచిత అంబులెన్సును అలవాటు చేసింది; ఇక్కడ ఆ వసతి లేదు, బిల్లు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ఊహించని వైద్య బిల్లుల నుంచి కాపాడటానికి 2022లో అమలులోకి వచ్చిన చట్టం కూడా రోడ్డు మీద నడిచే అంబులెన్సులను తన పరిధిలోకి తీసుకోలేదు. కాలు బెణికినప్పుడో, వేలు తెగినప్పుడో స్నేహితుడి కారులో రావడం సరైనదే.

కానీ ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, స్పృహ తప్పడం, ఆగని రక్తస్రావం ఉన్నప్పుడు అంబులెన్సు కేవలం వాహనం కాదు. సిబ్బంది ఇంట్లోనే ఈసీజీ తీసి ముందుగానే ఆసుపత్రికి పంపుతారు. గుండె రక్తనాళాన్ని తెరిచే క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళతారు, రోగి చేరేలోపు అక్కడ బృందం సిద్ధమవుతుంది. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను, మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన క్షణం నుంచి సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దారిలో తప్పుడు ఆసుపత్రి ముందు ఆగిన ఉబర్ ఆ సమయాన్ని తినేస్తుంది.

ఇక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసినప్పుడు ముందు చిరునామా, అపార్ట్‌మెంట్ నంబరు, గేటు కోడ్ చెప్పండి. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలు "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పగలిగినా ఫోన్‌లోనే ఇంటర్‌ప్రెటర్‌ను కలిపే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. ప్లాన్ లేని సెల్‌ఫోన్ నుంచి కూడా 911 కలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పగలంతా ఒంటరిగా ఉంటే, ఇంటి చిరునామాను తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

అంబులెన్సులో వచ్చినంత మాత్రాన ముందు చూస్తారనుకోవడం మాత్రం పొరపాటు. ఎవరి ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉందో వారినే ముందు చూస్తాం.

అపోహ: అర్జెంట్ కేర్, ఎమర్జెన్సీ రెండూ ఒకటే.

వాస్తవం: జ్వరం, గొంతునొప్పి, చిన్న గాయాలకు అర్జెంట్ కేర్ క్లినిక్ చాలు, ఖర్చూ చాలా తక్కువ. టెక్సాస్‌లో మాత్రం ఒక చిక్కు ఉంది. షాపింగ్ సముదాయాల్లో అచ్చం అర్జెంట్ కేర్‌లా కనిపించే, ఆసుపత్రి భవనంలో లేని విడి ఎమర్జెన్సీ కేంద్రాలు చాలా ఉన్నాయి; అవి ఆసుపత్రి ఎమర్జెన్సీ స్థాయిలోనే బిల్లు వేస్తాయి. బోర్డు మీద "ఎమర్జెన్సీ" లేదా "ఈఆర్" అని ఉంటే జలుబుకు లోపలికి వెళ్లకండి.

అపోహ: అమ్మానాన్నలకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం, ఇక భయం లేదు.

వాస్తవం: చవకగా దొరికే పాలసీల్లో చాలావరకు ఒక్కో సేవకు ఇంత అని పరిమితి ఉంటుంది, మిగిలినదంతా మీరే కట్టాలి. షుగర్, బీపీ, గుండెజబ్బు వంటి పాత జబ్బులను దాదాపు అన్ని పాలసీలూ మినహాయిస్తాయి. అవి ఉన్నట్టుండి ముదిరితే కొంత చెల్లించే పాలసీలు ఉన్నాయి గానీ, లక్షణాలు మొదలైన 24 గంటల్లోపు చికిత్సకు వెళ్లాలన్న షరతు వాటిలో సాధారణం. ఖర్చుకు భయపడి రెండు రోజులు ఇంట్లో ఆగినవారు ఆ సొమ్మునూ పోగొట్టుకుంటారు.

మందుల విషయం కూడా చెప్పాలి. స్ట్రిప్పును చివరి నుంచి కత్తిరించుకుంటూ రావడంతో, పేరు ఉన్న ముక్క ఎప్పుడో పోయి, నాలుగు మాత్రలు మిగిలిన వెండిరంగు రేకు మాత్రమే మా చేతికి వస్తుంది. రక్తం పలచబరిచే మందు వాడుతున్నారో లేదో తెలియకుండా పైన చెప్పిన పక్షవాతం ఇంజెక్షన్ ఇవ్వడం ప్రమాదకరం. మన దేశపు బ్రాండ్ పేర్లు ఇక్కడి డాక్టర్లకు తెలియవు కాబట్టి, అసలు మందు పేరు, మోతాదు, వేళ ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు ఉంచండి.

అపోహ: కొడుకో కోడలో పక్కన ఉంటే ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు.

వాస్తవం: కొడుకు ముందు చెప్పుకోలేని బాధలు తల్లికి ఉంటాయి. ఆసుపత్రి ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఏర్పాటు చేయాలి. అది రోగి హక్కు, మొహమాటపడకుండా అడగండి.

అపోహ: చదువు అయిపోయింది, ఓపీటీలో (చదువు తర్వాత పనిచేసేందుకు ఇచ్చే గడువులో) ఉద్యోగం దొరికేదాకా ఇన్సూరెన్స్ దారి లేదు.

వాస్తవం: యూనివర్సిటీ పాలసీ ముగిసిన 60 రోజుల్లోపు హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే ప్రభుత్వ బీమా వెబ్‌సైటు ద్వారా పాలసీ కొనుక్కోవచ్చు. ఎఫ్1 మీద ఉన్నవారికీ ఆ అర్హత ఉంది. నా దగ్గరికి అపెండిసైటిస్‌తో వచ్చి, ఆపరేషన్ వద్దు మాత్రలు ఇవ్వండి అని బతిమాలే పిల్లలు ఎక్కువగా ఈ ఖాళీలో ఉన్నవారే.

అపోహ: వచ్చిన బిల్లు కట్టి తీరాలి, లేదా దేశం వదిలిపోవాలి.

వాస్తవం: మొదటి బిల్లు చూసి క్రెడిట్ కార్డు గీకకండి. ముందు ప్రతి ఖర్చూ విడివిడిగా చూపే బిల్లు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సహాయ విధానం ఉండాలని చట్టం చెబుతోంది. డిశ్చార్జి తర్వాత వచ్చిన మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల వరకు దరఖాస్తు తీసుకోవాలి. ఆదాయం తక్కువైన విద్యార్థులకు బిల్లు బాగా తగ్గవచ్చు, కొన్నిచోట్ల పూర్తిగా రద్దు కావచ్చు. అర్హత నియమాలు ఆసుపత్రిని బట్టి మారతాయి కాబట్టి ఆ విధానం కాపీ అడిగి చదవండి. వాయిదాలు కూడా అడగవచ్చు. హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ బిల్లులు కట్టే కార్యాలయం కాదు; నిజంగా దిక్కులేని స్థితిలో ఉన్న భారతీయులకు, స్తోమతను పరిశీలించి, 2009లో ఏర్పడిన భారత ప్రభుత్వ సంక్షేమ నిధి నుంచి అత్యవసర వైద్యానికి సాయం చేసే వీలు మాత్రం దానికి ఉంది.