వజ్రాల కింద ఏముంది: జపాన్ కత్తి పిడి కట్టే పని

నకలు జపాన్ కత్తి చేతికొస్తే అందరి చూపూ అంచు మీదికే పోతుంది. ముందు చూడాల్సింది పిడి. దాని మీద వజ్రాకారపు ఖాళీలు వదులుతూ నాడా చుట్టి ఉంటుంది. నాడా ఒకదాన్నొకటి దాటే చోట బొటనవేలు ఆన్చి గట్టిగా పక్కకి నెట్టండి. కదిలిందా, ఆ కత్తిని ఊపకూడదు. పాత నాడా విప్పేసి కొత్తది చుట్టడం ఇంట్లో చేసుకోదగ్గ పనే. కాకపోతే నాడా గట్టిగా నిలవడం దాని కిందున్న మూడు పొరల చలవ: కొయ్య, తోలు, కాగితం. వాటిని వదిలేసి పైన ఎంత బిగించినా నెలరోజుల్లో వదులైపోతుంది.

పిడిని జపనీయులు త్సుకా అంటారు. దానికి వాడే కలప హోనోకి, మాగ్నోలియా జాతి చెట్టుది. మెత్తగా చెక్కుడు పడుతుంది, పోగు తిన్నగా ఉంటుంది, ఉక్కుకి హాని చేయదు. ఓక్ గట్టిది కదా అని వాడితే అందులోని టానిన్ అనే వగరు పదార్థం తేమతో కలిసి ఉక్కుని నల్లబరిచి తినేస్తుంది. కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు పడగానే నలుపు తేలుతుంది చూడండి, అదే రసాయన చర్య. బట్టకి అందం, కత్తికి చేటు. గిఫు ప్రాంతంలోని సెకీ పట్టణంలో సాధన కోసం చేసే జింకు-అల్యూమినియం కత్తులకి తుప్పు బెడద లేదు గానీ, పిడి కుదురు మాత్రం వాటికీ అంతే ముఖ్యం.

26 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు, 15 మి.మీ. మందం ఉన్న రెండు పలకలు చాలు. పిడిలోకి దిగే కత్తి తోకని పలక మీద పెట్టి గీత గీసి, సగం లోతు ఒకదాంట్లో, సగం రెండోదాంట్లో తొలవాలి. తోకకి దీపపు మసి పూసి అమర్చి తీస్తే మసి అంటిన చోటల్లా ఎత్తుగా ఉన్నట్టు. ఆ చోటే గోకి, మళ్ళీ మసి పూసి చూడాలి. ఇరవై సార్లయినా పడుతుంది. తొందరపడ్డారంటే ఇక్కడే పని చెడుతుంది. తోక చివరికి సన్నబడుతుంది కాబట్టి మేకులా దిగాలి: చేత్తో తోస్తే చివరి 4, 5 మి.మీ. మిగిలి, కొయ్యసుత్తితో తడితే కూర్చోవాలి. వదులైతే పలచటి చెక్క పొర అతికించి సరిచేయొచ్చు. ఎపాక్సీ అనే రసాయన జిగురు పోసి నింపితే మాత్రం కత్తి మళ్ళీ బయటికి రాదు. పలకలు అతకడానికి సంప్రదాయ జిగురు అన్నం మెతుకుల్ని నూరి చేసిన ముద్దే. ఊపే కత్తికైతే మామూలు చెక్క జిగురు మేలు. అతికాక బయటివైపు చెక్కేటప్పుడు తోలు, నాడాల మందం లెక్కేసి కొయ్యని ఆ మేర తగ్గించాలి. చుట్టడం పూర్తయ్యాక నాడా రెండు చివర్ల లోహపు తొడుగులతో సమంగా రావాలి. కత్తి వైపు తొడుగు పేరు ఫుచి, అడుగుదాని పేరు కషిరా.

తోలు టేకు చేపది (స్టింగ్‌రే). 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ సయాం (నేటి థాయిలాండ్) నుంచి జపాన్‌కి ఓడల్లో మోసిన సరుకుల్లో ఇదొకటి. దాని మీది తెల్లటి గింజలు నిజానికి పళ్ళలాంటివే: లోపల పంటిలో ఉండే డెంటిన్, పైన పంటి మీది ఎనామెల్‌లాంటి గట్టి పొర. అందుకే నాడాని అంత బాగా పట్టుకుంటాయి. అరగంట నీళ్ళలో నానబెడితే తోలు మెత్తబడుతుంది. పిడి చుట్టూ పూర్తిగా కప్పి, అతుకు ఒక పక్క మధ్యగీత మీదికి తెచ్చి, తాడుతో బిగించి ఒక రోజు ఆరనివ్వాలి. కాచిన డప్పులాగా తడి పోయేకొద్దీ తోలు ముడుచుకుని రెండు పలకల్నీ కలిపి నొక్కుతుంది. చవక నకళ్ళలో ప్లాస్టిక్ పట్టీలు రెండు పక్కలా అంటిస్తారు. వాటికి గరుకూ లేదు, ఆ బిగింపూ లేదు.

ఇక నాడా. 8 మి.మీ. వెడల్పున్న పట్టు లేదా నూలు నాడా 5 మీటర్లు తీసుకోండి. నైలాన్ సాగుతుంది, వద్దు. రెండు తొడుగుల మధ్య 23 సెం.మీ. ఉంటే, అంచు మీద ఒక్కో దాటుకి నాడా రెండు వరసలు పడతాయి కాబట్టి 16 మి.మీ.కి ఒక దాటు, ఒక్కో పక్క 14. ఈ గుర్తులు ముందే పెన్సిలుతో పెట్టుకోవాలి. నాడా సగాన్ని ఫుచి దగ్గర ఆన్చి, రెండు కొసల్నీ అటూ ఇటూ తిప్పుతూ, దాటే చోట ఒక్కో కొసని మెలిపెట్టి ఒకదాని మీదికి ఒకటి వేయాలి. ఒక దాటులో ఎడమది పైనుంటే తర్వాతి దాటులో కుడిది పైకి రావాలి. చవక కత్తుల్లో ఎప్పుడూ ఒకే కొస పైనుండి, అల్లిక మొత్తం ఒక వైపుకి ఒరిగిపోతుంది. మెనుకి అనే చిన్న లోహపు బొమ్మలు రెండూ చుట్టే క్రమంలోనే నాడా కిందికి పోతాయి.

ప్రతి దాటు కిందా రెండు ముక్కోణపు కాగితపు మడతలు పెట్టాలి, మొత్తం 56. నాడా బిగువుగా ఉన్నంత మాత్రాన కిందికి నొక్కదు, వంగిన చోటే నొక్కుతుంది. చదునైన పిడి పక్కల్లో ఆ వంపు తెచ్చేవి ఈ కాగితాలే. తడి చేసి పెడితే నాడాకి తగ్గట్టు ఒదిగి, ఆరాక గట్టిపడతాయి. వంపు ఉన్నాక రాపిడి ఎంత పెరుగుతుందో గణితవేత్త ఆయ్లర్ సూత్రం చెబుతుంది: రాపిడి గుణకం 0.3 అనుకుంటే ఒక చుట్టుకి ఆపగలిగే బలం 6.6 రెట్లు, మూడు చుట్లకి దాదాపు 285 రెట్లు. పడవ తాడుని గుంజకి మూడు చుట్లు వేస్తే ఒక్క మనిషి ఆపగలిగేది అందుకే. పిడి మీద కూడా చివర కషిరా కన్నాల గుండా తీసి వేసే రెండు ముడుల మీద పడే భారం తక్కువే. కొస మీద ఒక చుక్క జిగురు చాలు. నాడా అంతటికీ జిగురు పట్టిస్తే చెమట పీల్చుకోదు, అరిగాక విప్పడానికీ రాదు.

పిడినీ తోకనీ కలిపి గుచ్చే వెదురు మేకు మెకుగి. ఇత్తడిదైతే కొయ్య కన్నాన్ని నలిపి వెడల్పు చేస్తుంది. వెదురు ఒక్కసారిగా విరగదు, పోగులుగా చీలుతూ ముందే తెలియజేస్తుంది. కత్తి ఎత్తే ప్రతిసారీ దాన్ని వేలితో నొక్కి చూడాలి. జరిగితే ఆ రోజు సాధన ఆపి కొత్త మేకు చెక్కుకోవాలి.