కార్డుల అమ్మకాల్లో నెలవారీ లెక్కలు: అపోహలు - వాస్తవాలు

స్పోర్ట్స్ కార్డులైనా, పోకెమాన్ కార్డులైనా, అమ్మేవాళ్లు నెలాఖరున ముందు చూసుకునేది మొత్తం అమ్మకం. పోయిన నెలకన్నా పెరిగితే ఇంకాస్త సరుకు తెస్తారు. తగ్గితే ఉన్నదాన్ని అయినకాడికి అమ్మేస్తారు. ఈ వ్యాపారంలో డబ్బు ఎక్కువగా పోయేది ఇలాంటి నిర్ణయాల వల్లే. కార్డులన్నిటికీ కలిపి ఒక సీజన్ అంటూ లేదు, ఒక్కో ఆటకీ దాని క్యాలెండర్ దానిదే. అమెరికాలో ఉండి ఈబేలో కార్డులు అమ్మే మనవాళ్ల కోసం, మళ్లీ మళ్లీ వినిపించే అపోహలు కొన్ని తీసుకుందాం.

అపోహ: సగటు ధర పడిందంటే కార్డు ధర పడినట్టే.

లెక్క వేసి చూద్దాం. ఒకే ఆటగాడి ఒకే కార్డు ఆగస్టులో 40 అమ్ముడయ్యాయి అనుకోండి. అందులో పీఎస్ఏ 10 గ్రేడ్‌వి (పీఎస్ఏ అనే కంపెనీ కార్డు నాణ్యతకి ఇచ్చే అత్యధిక గ్రేడు) 10, ఒక్కోటి 100 డాలర్లు. గ్రేడింగ్ చేయించని రా కార్డులు 30, ఒక్కోటి 20 డాలర్లు. మొత్తం 1,600, సగటు 40. సెప్టెంబరులోనూ 40 అమ్ముడయ్యాయి. ఈసారి పీఎస్ఏ 10వి నాలుగే, ఒక్కోటి 110. రా కార్డులు 36, ఒక్కోటి 22. మొత్తం 1,232, సగటు 30.80. రెండు రకాల ధరా 10 శాతం పెరిగింది, సగటు మాత్రం 23 శాతం పడిపోయింది. నిజానికి తగ్గింది ఆ నెల సరుకులో గ్రేడెడ్ కార్డుల వాటా.

అందుకే అమ్మకాలు రాసుకునే షీట్‌లో పీఎస్ఏ 10, పీఎస్ఏ 9, రా కార్డులకు మూడు వరసలు వేరుగా ఉండాలి. బేస్ కార్డుని (మామూలు కార్డుని) రంగు ప్యారలల్‌తో, అంటే అదే కార్డు వేరే రంగులో వచ్చిన రకంతో, కలపకూడదు. ఒక్కో వరసలో సగటు బదులు మధ్యగతం రాయండి. టెన్త్ లెక్కల్లో చదువుకున్నదే: ధరలన్నీ వరసగా పేర్చి నడిమిది తీసుకోవడం. ఇద్దరు పంతానికి పోయి ఒక వేలంలో రెట్టింపు పాడినా మధ్యగతం పెద్దగా కదలదు. నెలకు ఐదారు అమ్మకాలు కూడా లేని కార్డుకి నెలవారీ ట్రెండ్ చూడటం దండగ, మూడు నెలలు కలిపి చూడండి.

అపోహ: అమ్మకాలు పావు వంతు పెరిగాయి, గిరాకీ పెరిగింది.

ముందు ఆ నెలలో ఆదివారాలు లెక్కపెట్టండి. ఈబే వేలాలను చాలామంది ఆదివారం సాయంత్రం ముగిసేలా పెడతారు. 2025లో మార్చి, జూన్, ఆగస్టు, నవంబరు నెలలకు ఐదేసి ఆదివారాలు వచ్చాయి. నాలుగు ఐదైతే, వారం వారం అమ్మేది మారకపోయినా నెల లెక్క 25 శాతం పెరుగుతుంది. నెలకి ఎన్ని అని కాకుండా వారానికి ఎన్ని అని రాసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

అపోహ: ఈబే ‘సోల్డ్ ఐటమ్స్’ జాబితాలో కనిపించేది కొన్నవాళ్లు కట్టిన ధరే.

బెస్ట్ ఆఫర్‌కి (కొనేవాళ్లు బేరమాడి చెప్పిన ధరకి) ఇచ్చిన కార్డుకి అక్కడ కనిపించేది అడిగిన ధర, దాని మీద ఒక అడ్డగీత. అసలు ఎంతకి ఒప్పుకున్నారో ఈబే అమ్మకందార్ల పేజీ సెల్లర్ హబ్‌లో ఉండే టెరాపీక్ అనే టూల్‌లో తెలుస్తుంది. పాట పాడి డబ్బు కట్టనివాళ్ల వేలాలు కూడా సోల్డ్ కిందే ఉండిపోతాయి. అదే ఫొటోతో, స్లాబ్ (గ్రేడ్ చేసి ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసిన కార్డు) అయితే అదే సర్టిఫికెట్ నంబరుతో, వారం పది రోజుల్లో కార్డు మళ్లీ అమ్మకానికి వచ్చిందా? మొదటి ధరని లెక్కలోంచి కొట్టేయండి. ఇంకో సంగతి, మామూలు సెర్చ్ 90 రోజుల వెనక్కే వెళ్తుంది. మూడు నెలల్లో సీజన్ కనపడదు.

అపోహ: ఆట మొదలయ్యాక అమ్మకానికి పెడితే మంచి ధర వస్తుంది.

ఆషాఢంలో బట్టల షాపులు డిస్కౌంట్లు ఎందుకు పెడతాయో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పెళ్లి ముహూర్తాలు ఉండవు, బేరాలు ఉండవు. ఆ ధరకి కొని శ్రావణం పెళ్లికి దాచుకునేవాళ్లూ ఉంటారు. కార్డులకూ ఆషాఢం ఉంది, కాకపోతే ఆటకొకటి. బేస్‌బాల్‌కి నవంబరు నుంచి జనవరి. బాస్కెట్‌బాల్‌కి జులై నుంచి సెప్టెంబరు. అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఫిబ్రవరిలో ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ అయిపోయాక మొదలై, ఏప్రిల్ చివర డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం) దగ్గర కాస్త కదలిక వచ్చి, మళ్లీ మే, జూన్ మందకొడిగా ఉంటాయి.

కొనేవాళ్లు మొదటి మ్యాచ్ దాకా ఆగరు. ఫిబ్రవరిలో స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు సాధన) మొదలవగానే బేస్‌బాల్ కార్డులు వెతుకుతారు. మార్చి చివర ఓపెనింగ్ డే (సీజన్ మొదటి రోజు) నాటికి అమ్మేవాళ్లంతా ఒకేసారి సరుకు దించుతారు, పోటీ పెరుగుతుంది. ఆట మొదలవడానికి మూడు నాలుగు వారాల ముందే లిస్టింగ్ పెట్టాలి.

గ్రేడింగ్ చేయించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఫుట్‌బాల్ ఆట మొదలయ్యేది సెప్టెంబరు మొదట్లో, కార్డు ఆగస్టు 11కి చేతిలో ఉండాలంటే వెనక్కి లెక్క కట్టండి. 45 పనిదినాల సర్వీసు అంటే 9 వారాలు, జూన్ 9 దగ్గరికి వచ్చాం. రానూ పోనూ పోస్టుకి రెండు వారాలు, మే 26. గడువు మొదలయ్యేది పార్సిల్ చేరిన రోజున కాదు, ఆర్డర్ వాళ్ల సిస్టంలోకి ఎక్కాక. చెప్పిన గడువు దాటడమూ మామూలే. ఇంకో రెండు మూడు వారాలు కలుపుకుంటే మే మొదట్లోనే పంపాలి. మార్కెట్ నిద్రపోతున్న మే నెలలో గ్రేడింగ్ ఫీజు కట్టడానికి మనసొప్పదు, ఆగస్టులో పంపుతారు. కార్డు నవంబరులో వస్తుంది, అప్పటికి ఆ ఆటగాడు గాయంతో బయట కూర్చుని ఉండొచ్చు.

ప్రతి కార్డునీ సీజన్ కోసం దాచక్కర్లేదు. 20 డాలర్ల కార్డు సీజన్‌లో 22 అయితే ఈబే సుమారు 13 శాతం తీసుకోగా మిగిలే అదనం 1.74 డాలర్లు. ఆ ఫీజు కొన్నవాళ్లు కట్టే షిప్పింగ్ మీదా, సేల్స్ ట్యాక్స్ మీదా కూడా పడుతుందని గుర్తుంచుకోండి. అంతకోసం ఐదు నెలలు డబ్బు ఇరికించుకోవడం కన్నా ఇవాళే అమ్మి ఇంకో సరుకు కొనడం మేలు. దాచాల్సినవి దాచేటప్పుడు గరాజ్‌లో పెట్టకండి, వేడికీ తేమకీ ఫాయిల్ కార్డులు విల్లులా వంగిపోతాయి.

అపోహ: డిసెంబరు అందరికీ పండగే.

సీల్డ్ (తెరవని) బాక్సులకి, పిల్లలు అడిగే పోకెమాన్ ఎలైట్ ట్రైనర్ బాక్సులకి, చవక స్లాబ్‌లకి అవును. అవి కానుకలు. క్రిస్మస్‌కి చేరదని తెలిసిన రోజు నుంచి ఆ బేరాలు ఆగిపోతాయి. వేల డాలర్ల సింగిల్ కార్డుని ఎవరూ కానుకగా ప్యాక్ చేయించరు. బేస్‌బాల్‌కైతే అది ఆషాఢం నడుమే.

అపోహ: గెలిచాక, అవార్డు వచ్చాక అమ్మాలి.

అందరూ అనుకునేది అదే కాబట్టి గెలిచిన మర్నాడు అందరి కార్డులూ ఒకేసారి దిగుతాయి. ఆశ ఉన్నన్నాళ్లే కొనేవాళ్లకి ఆత్రం. సూపర్ బౌల్‌కి వెళ్లే జట్టు ఆటగాడి కార్డు ఫైనల్‌కి ముందు రెండు వారాల్లో అమ్మండి. ఏడు రోజుల వేలం వద్దు, ఫైనల్ ఓడిపోతే వేలం మధ్యలో చిక్కుకుంటారు. స్థిర ధర పెట్టి, వెంటనే డబ్బు కట్టాలన్న షరతు ఆన్ చేయండి. హాల్ ఆఫ్ ఫేమ్ (ఆట దిగ్గజాలకి ఓట్లతో ఇచ్చే గౌరవం) సంగతీ అంతే. 2025 జనవరిలో బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో సుజుకికి 394 ఓట్లలో 393 వచ్చాయి. ఆయన ఎన్నికవుతాడని ఏళ్ల ముందే అందరికీ తెలుసు. తెలిసిన వార్తకి ప్రకటన రోజున కొత్తగా ధర ఎందుకు పెరగాలి?

అపోహ: పోకెమాన్‌కి మ్యాచ్‌లు లేవు, సీజన్ లేదు.

దానికి విడుదలలే సీజన్. కొత్త సెట్ వచ్చిన మొదటి రోజుల్లో సింగిల్స్ (విడి కార్డులు) ఖరీదుగా ఉంటాయి. ప్యాకెట్లు చింపేవాళ్లు పెరిగేకొద్దీ మూడు నాలుగు వారాల్లో చాలావాటి ధర దిగుతుంది. కాబట్టి ప్యాక్‌లో మంచి కార్డు తగిలితే ఆ వారమే అమ్మండి, మీకోసం కావాలంటే నెలాగి కొనండి. సీల్డ్ సరుకుకి అసలు భయం రీప్రింట్, అంటే అదే సెట్‌ని మళ్లీ అచ్చు వేయడం. ఫిబ్రవరి 27 పోకెమాన్ డే, ఆ చుట్టుపక్కల కొత్త ప్రకటనలు వస్తాయి.

అపోహ: పోయినేడాది ఇదే నెలతో పోలిస్తే సరిపోతుంది.

విడుదల తేదీలు ఏటా ఒక్కలా ఉండవు. పోకెమాన్ సెట్ ప్రిస్మాటిక్ ఎవల్యూషన్స్ 2025 జనవరి 17న వచ్చింది. ఆ జనవరిని 2024 జనవరితో పోల్చి ‘జనవరిలో పోకెమాన్ బాగా పోతుంది’ అనుకోవడం తప్పు. షీట్‌లో ప్రతి నెల పక్కనా ఆ నెల వచ్చిన సెట్ల పేర్లు రాయండి.

2020, 2021 లెక్కలైతే సీజన్ సగటులో కలపనే కూడదు. 2021 మార్చిలో పీఎస్ఏ పని పేరుకుపోయి చాలా సర్వీసులు ఆపేసింది, మే నెలలో టార్గెట్ స్టోర్లు కార్డుల అమ్మకం నిలిపేశాయి. ఫ్లియర్ కంపెనీ 1986లో వేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ పీఎస్ఏ 10 కార్డు 2021 జనవరి చివర 7,38,000 డాలర్లు పలికి, తర్వాత 2,00,000 దగ్గరికి జారింది. ఆ రెండేళ్ల జనవరినీ మార్చినీ మిగతా ఏళ్లతో కలిపితే బేస్‌బాల్‌కైనా బాస్కెట్‌బాల్‌కైనా లేని సీజన్ ఒకటి షీట్‌లో పుట్టుకొస్తుంది. 2023 నుంచి మొదలుపెట్టండి.