మొలవనని మొండికేసే విత్తనాలు

పంట గింజ పదునులో పడితే వారం పది రోజుల్లో తల ఎత్తుతుంది. అదే మడిలో అడవిపూల విత్తనం చల్లి చూడండి, నెల దాటినా నేల నున్నగానే ఉంటుంది. విత్తనం పుచ్చిపోయిందనుకుని చాలామంది మడి తిరగదోడేసేది అప్పుడే. చాలాసార్లు అది పుచ్చిపోయి ఉండదు, లేవడానికి ఒప్పుకోలేదంతే. తొందరగా, అన్నీ ఒక్కసారిగా మొలిచే రకాలనే రైతులు తరతరాలుగా విత్తనానికి దాచుకుంటూ వచ్చారు కాబట్టి పంటల్లో ఆ మొండితనం చాలావరకు పోయింది. అడవి మొక్కకు మాత్రం ప్రాణం కాపాడేది అదే. తొలి వానకే గింజలన్నీ మొలిచి, ఆపైన వాన మొహం చాటేస్తే ఇక విత్తే తల్లి ఉండదు. అందుకే ఒకే కాయలోని గింజలైనా కొన్ని ఈ ఏడు, కొన్ని మరో ఏడు లేస్తాయి.

అలా ఎన్నాళ్లు ఆగగలవు? అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో 21 రకాల మొక్కల విత్తనాలను, సీసాకు రకానికి 50 చొప్పున, తడి ఇసుకతో కలిపి 20 సీసాల్లో పోసి పాతిపెట్టాడు. 2021లో తవ్వి తీసిన సీసాలో వెర్బాస్కమ్ అనే అడవిపూల మొక్క గింజలు కొన్ని అప్పటికీ మొలిచాయి.

మనకు అంత ఓపిక లేదు కాబట్టి, చేతిలో ఉన్న విత్తనానికి ఏ తాళం పడిందో ముందు తేల్చుకోవాలి.

చిక్కుడు కుటుంబంలో చాలావాటిది పెంకు తాళం. శంఖపుష్పం, తంగేడు, లూపిన్ అన్నీ ఈ బాపతే. పైపొరలోని కణాలు సందు లేకుండా బిగిసి ఉండటంతో నీరు లోపలికి దిగదు. చిన్న గింజలైతే రెండు గరుకు కాగితాల మధ్య పెట్టి మెరుపు పోయేదాకా రుద్దాలి. పెద్దవైతే గోళ్ల కత్తెరతో పెంకును ఒకచోట చిన్నగా కొరకాలి. కాయకు అతుక్కున్న మచ్చ ఉన్న వైపు కాకుండా దాని ఎదుటి వైపు కొరకండి, వేరు మొన సాధారణంగా మచ్చ దగ్గరే ఉంటుంది. లోపలి తెల్లదనం కనబడగానే ఆగిపోవాలి. తరవాత రాత్రంతా నీళ్లలో వేసి ఉంచితే తెల్లారేసరికి తేడా కంటికే తెలుస్తుంది: నీరు తాగినవి ఉబ్బి, రంగు మందగించి, గోరు దిగేంత మెత్తగా ఉంటాయి. తాగనివి గాజుపూసల్లా అడుగున మెరుస్తుంటాయి. ఉబ్బినవి ఆ రోజే విత్తి, మిగతావాటికి మళ్లీ గాటు పెట్టాలి. 24 గంటలు మించి నానబెడితే ప్రాణవాయువు అందక కుళ్లడం మొదలవుతుంది.

చలికాలం గట్టిగా ఉండే ప్రాంతాల మొక్కలది వేరే సంగతి. మిల్క్‌వీడ్, పెన్‌స్టెమన్ అనే అడవిపూల విత్తనాల్లోకి నీరు దిగుతుంది, అయినా లోపలి పిండం కదలదు. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ దాన్ని పట్టి ఉంచుతుంది. వారాల తరబడి తడీ చలీ కలిసి తగిలితే ఆ పట్టు సడలి, మొలకను లేపే హార్మోన్లు జిబ్బరెల్లిన్లది పైచేయి అవుతుంది. ఇంట్లో చేయాలంటే ఒక వంతు విత్తనానికి మూడు వంతులు కడిగిన ఇసుక తీసుకోండి. ఇసుకను తడిపి పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీటిచుక్క కారకూడదు. జిప్ సంచిలో పోసి, పేరూ తేదీ రాసి, 1 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ చలిలో ఫ్రిజ్‌లో ఉంచాలి. నారింజ పూల మిల్క్‌వీడ్‌కు 30 రోజులు చాలు, పెన్‌స్టెమన్లలో చాలావాటికి 60 పైనే కావాలి. వారానికోసారి తెరిచి చూడండి. బూజు కనబడితే తడి ఎక్కువైనట్టు. తెల్లటి వేరు మొన కనబడితే గడువు చూడకుండా విత్తేయాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం శుద్ధ దండగ, గడ్డకట్టిన నీటితో లోపల ఏ పనీ సాగదు. పొడి విత్తనాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా ఆయుష్షు పెరుగుతుందే తప్ప తాళం ఊడదు.

మూడోది వెలుగు. 1952లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర గింజల మీద ఎర్ర కాంతినీ, కంటికి దాదాపు కనబడని దూర ఎరుపు కాంతినీ మార్చిమార్చి వేసి చూశారు. చివర ఎరుపు పడినవి మొలిచాయి, దూర ఎరుపు పడినవి చాలావరకు ఆగిపోయాయి. ఆవగింజకన్నా చిన్నగా ఉండే పూల విత్తనాలు చాలావాటికి ఇదే తీరు. వాటిని మట్టిపైన చల్లి అరచేత్తో అదిమితే చాలు. పెద్దవాటిని వాటి మందానికి రెండు మూడింతల లోతులో వేయాలి.

ఇక అసలు పొరపాటు మొలిచాక జరుగుతుంది. అడవి మొక్క కదా, నీళ్లు లేకున్నా బతుకుతుందనుకుంటాం. కానీ కరువును తట్టుకునేది ఎదిగిన మొక్క, మొలక కాదు. ఆ శక్తి వేరులో ఉంది, మొలకకు అది ఇంకా లోతుకు దిగలేదు. పైన రెండాకులు విప్పుకునేలోపే కింద తల్లివేరు వేలెడు పొడవున దిగే రకాలు అడవిపూలలో చాలా ఉన్నాయి. అలాంటివి లోతు లేని ట్రేలో అడుగు తగిలి మెలికలు తిరుగుతాయి, తరవాత నేలలో నాటినా ఆ మెలిక విడదు. కనీసం 15 సెంటీమీటర్ల లోతున్న గొట్టం కుండీలు వాడండి. రెండు వంతులు ముతక ఇసుక, ఒక వంతు కంపోస్టు సరిపోతుంది, వేరే ఎరువు వద్దు. బలం ఎక్కువైతే కాండం పొడుగ్గా సాగి వాలిపోతుంది. పైన అర సెంటీమీటరు మందాన సన్న గులకరాళ్లు పరిచి, నీళ్లు అడుగు నుంచి పట్టిస్తే నారుకుళ్లు తెగులు చాలావరకు రాదు.

నాలుగైదు అసలు ఆకులు వచ్చాక, వానలు గానీ చల్లటి రోజులు గానీ ముందున్నప్పుడు, వేరు చుట్టూ మట్టి చెదరకుండా నాటాలి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైపొరలోనే తచ్చాడతాయి. నాలుగైదు రోజులకోసారి జానెడు లోతు తడిసేలా పెట్టి, ఆ ఎడాన్ని క్రమంగా పెంచుకుంటూ పోండి.

మొదటి ఏడు చాలావాటిలో పూలు రావు, నేలకు అంటుకున్న ఆకుల గుత్తే కనబడుతుంది. కొన్ని రకాల్లో ఎండలకో చలికో అదీ మాడిపోతుంది. అప్పుడు పీకేయకండి. నాటిన చోట పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. అనుమానమొస్తే మట్టి కాస్త తొలగించి వేరు తలను గోటితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే, మెత్తగా నలిగి కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువై పోయినట్టు.