సలాడ్ మీద ఏం పోస్తున్నారు? డ్రెస్సింగ్ గురించి అపోహలు - వాస్తవాలు

"ఇరవై రోజులైంది మేడమ్, సలాడ్ల చుక్క నూనె వేస్తలేను, ఇగ నాతోని కాదు" అంటూ పోయిన నెల హన్మకొండ నుంచి వచ్చిన ఒకామె టిఫిన్ డబ్బా మూత తీసి చూపించింది. లోపల కీర, క్యారెట్, క్యాబేజీ ముక్కలు, వాటి మీద ఉప్పు. పొద్దున ఆరింటికి చల్లిన ఉప్పుకి నీళ్లన్నీ ఊరి, ముక్కలు వడిలిపోయి, డబ్బా అడుగున నిలిచాయి. నిజం చెప్పాలంటే అది నేను కూడా తినలేను.

వరంగల్‌లో పద్నాలుగేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో నేను చూసిన దాన్ని బట్టి, సలాడ్ మానేసినవాళ్లలో ఎక్కువమంది కూరగాయలు నచ్చక మానలేదు. వాటి మీద ఏం వేయాలో, అంటే ఏ డ్రెస్సింగ్ కలపాలో తెలియక చప్పగా తిని విసిగిపోయి మానేశారు, లేదంటే ఆరోగ్యమనుకుని ఏదో సీసా పోసుకుని, బరువు తగ్గకపోగా పెరిగేసరికి మానేశారు. అందుకే నా దగ్గర రోజూ వినిపించే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నాను.

అపోహ: నూనె తగిలితే సలాడ్ తిన్న ఫలితం పోతుంది.

దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమందికి నష్టం చేస్తున్నది ఇదే. విటమిన్ ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటకు ఎరుపునిచ్చే లైకోపీన్, ఆకుకూరల్లోని ల్యూటిన్ కూడా అంతే. పేగులు వీటిని పీల్చుకోవాలంటే పక్కన కాస్త కొవ్వు ఉండాలి. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్షించి 2004లో ఫలితం ప్రకటించారు. పాలకూర, క్యారెట్, టమాట ఉన్న ఒకే రకం సలాడ్‌ని కొవ్వు అసలు లేని డ్రెస్సింగ్‌తో ఒకసారి, కొద్దిగా ఉన్నదానితో ఒకసారి, బాగా ఉన్నదానితో ఒకసారి తినిపించి రక్తం పరీక్షిస్తే, కొవ్వు లేనిదానితో తిన్నప్పుడు ఈ రంగు పోషకాలు రక్తంలోకి దాదాపు చేరనే లేదు. అంటే ఆ ఇరవై రోజులు ఆమె క్యారెట్ నమిలింది కానీ, క్యారెట్‌లో ఉన్న అసలు సొత్తు చాలావరకు ఒంటికి పట్టలేదు. పీచు, నీళ్లు, నీళ్లలో కరిగే పోషకాలు మాత్రం అందాయి.

మరి ఎంత వేయాలి? మనిషికి ఒక టీస్పూన్ నూనె, లేదా ఒక చెంచా నువ్వుల పొడి, లేదా కొన్ని పల్లీలు. ఇక్కడే రెండో తప్పు జరుగుతుంది. నూనె మంచిదన్నాను కదా అని సీసా పట్టుకుని ధారగా పోస్తే లెక్క మొత్తం తారుమారు అవుతుంది. టీస్పూన్ నూనెకి సుమారు 40 క్యాలరీలు, పెద్ద చెంచాకి, అంటే టేబుల్ స్పూన్‌కి సుమారు 120. మూడు పెద్ద చెంచాలు పడ్డాయంటే 360, మూడు నాలుగు పుల్కాలు తిన్నట్టే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2000 క్యాలరీల రోజువారీ భోజనంలో నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. కూరలు, పోపులు పోగా సలాడ్‌కి మిగిలేది ఒకటి రెండు టీస్పూన్లు. కొలిచి వేయండి, అందాజుగా వద్దు.

అపోహ: సలాడ్ అంటే ఆలివ్ నూనే వేయాలి.

ఆలివ్ నూనె మంచిదే, కాదనను, గుండెకి మేలు చేసే ఏక అసంతృప్త (మోనో అన్‌శాచురేటెడ్) కొవ్వు అందులో ఎక్కువ. కానీ అది కొనలేక సలాడే వద్దనుకుంటున్న వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మన పల్లి నూనెలో కూడా దాదాపు సగం అదే రకం కొవ్వు. నువ్వుల నూనె వాసన పచ్చి కూరగాయల మీద ఎంత బాగుంటుందో ఒకసారి చూడండి. వేడి చేయకుండా వాడతాం కాబట్టి సలాడ్‌కి గానుగ నూనె రుచిగా ఉంటుంది, అయితే చిన్న సీసా కొని, ఎండ తగలని చోట పెట్టి త్వరగా అయిపోగొట్టండి, లేకపోతే ముక్క వాసన వస్తుంది. గానుగదైతే ఎంతైనా తినొచ్చు అనేవాళ్లకి ఒకటే మాట, క్యాలరీలు అంతే ఉంటాయి.

అపోహ: సీసా మీద "లైట్" అనో "ఫ్యాట్ ఫ్రీ" అనో ఉంటే నిశ్చింతగా వాడొచ్చు.

కొవ్వు తీసేస్తే రుచి పోతుంది, చిక్కదనం పోతుంది. ఆ లోటు పూడ్చడానికి సాధారణంగా చక్కెర, ఉప్పు, పిండి పదార్థాలు కలుపుతారు. సీసా ముందువైపు చదవడం మానేసి వెనక్కి తిప్పండి. పదార్థాల పట్టికలో బరువు ప్రకారం ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది నియమం, కాబట్టి మొదటి మూడు పేర్లలోనే చక్కెర కనిపిస్తే దాన్ని తీపి కింద లెక్కేసుకోవాలి. ఇంకోటి, ఒకసారికి 15 గ్రాములు అని రాసి దానికి క్యాలరీలు వేస్తారు, మనం పోసుకునేది దానికి మూడింతలు ఉంటుంది. మా క్లినిక్‌లో ఒక గిన్నె, ఒక వంటింటి త్రాసు పెట్టాను. "మీరు రోజూ ఎంత పోస్తారో ఇందులో పోయండి" అంటాను. పోసి, బరువు చూసి, చాలామంది కాసేపు మాట్లాడరు.

మయోనైజ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది ప్రధానంగా నూనె, ఒక్క పెద్ద చెంచాకి 90 నుంచి 100 క్యాలరీల దాకా ఉంటుంది. పచ్చి గుడ్డుతో చేసిందైతే సాల్మొనెల్లా అనే క్రిమి భయం అదనం, అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు పచ్చి గుడ్ల మయోనైజ్‌ని నిషేధించింది. "మాది ఎగ్‌లెస్ మేడమ్" అంటారు. ఎగ్‌లెస్ అయితే ఆ క్రిమి భయం తగ్గుతుంది, నూనె తగ్గదు. పిల్లలు అడుగుతుంటే గట్టి పెరుగులో ఒక చెంచా మయోనైజ్ కలిపి ఇవ్వండి, రుచి వస్తుంది, భారం పడదు.

అపోహ: తేనె సహజమైంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు కూడా సలాడ్‌లో వేసుకోవచ్చు.

ఏటూరునాగారం అడవిలో తీసిన అసలు తేనె అయినా సరే, అందులో సుమారు 80 శాతం చక్కెరలే. పెద్ద చెంచా తేనెలో 17 గ్రాముల చక్కెర ఉంటుంది. పులుపుని మెత్తబరచడానికి పావు టీస్పూన్ చాలు, బెల్లానికీ అదే లెక్క. షుగర్ ఉంటే దాని బదులు రెండు దానిమ్మ గింజలో, సన్నగా తురిమిన క్యారెట్టో వేయండి.

ఆపిల్ సైడర్ వెనిగర్ కొవ్వు కరిగిస్తుందని గ్లాసులో పోసుకుని అలాగే తాగేవాళ్లు వస్తున్నారు, గొంతు మండి, పళ్లు జివ్వుమంటున్నాయని. అది కూడా ఒక పులుపే, కొవ్వు కరిగించే మందు కాదు. భోజనంతో కలిపి తీసుకుంటే తిన్న తర్వాత షుగర్ పెరగడాన్ని కొద్దిగా నెమ్మది చేస్తుంది, దాన్ని పట్టుకుని మందులు ఆపేయకండి. సలాడ్‌లో చెంచా వేసుకుంటే చాలు, విడిగా తాగొద్దు, పంటి ఎనామిల్ అరిగిపోతుంది.

అపోహ: డ్రెస్సింగ్ అనేది మన వంట కాదు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు సద్దుల బతుకమ్మ గుర్తొస్తుంది. వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు మొదలైన పండగ, చివరి రోజు ఐదు రకాల సద్దులతో, అంటే కలిపిన అన్నాలతో ముగుస్తుంది కదా, పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు. అన్నం పక్కన పెట్టి చూడండి. ఆ ఐదూ ఐదు డ్రెస్సింగులు! పులుపు ఉంది, కొవ్వు ఉంది, ఉప్పు కారం ఉన్నాయి, పట్టి ఉంచే చిక్కదనం ఉంది. మన పెద్దవాళ్లు అన్నానికి పట్టించిన దాన్నే మనం కూరగాయలకి పట్టిస్తాం, అంతే తేడా.

నేను అందరికీ మొదట నేర్పేది నువ్వులది. జగిత్యాల, నిజామాబాద్ వైపు పండే నువ్వులు మనకి కొత్త కాదు, సకినాల పిండిలో అవి లేకపోతే సంక్రాంతే లేదు. రెండు పెద్ద చెంచాల నువ్వులు చిటపటలాడేదాకా వేయించి చల్లారనివ్వండి, ఒక ఎల్లిపాయ రెబ్బ, పావు చెంచా జీలకర్ర, సగం నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు, నాలుగైదు చెంచాల నీళ్లు పోసి మిక్సీలో మెత్తగా తిప్పండి. పాల రంగులో చిక్కటి డ్రెస్సింగ్ వస్తుంది, ఇద్దరికి సరిపోతుంది, మనిషికి 50 క్యాలరీలకి కొంచెం అటూ ఇటూ. పొట్టు తీయని నువ్వులైతే కాల్షియం కూడా బాగా అందుతుంది. క్యాబేజీకి, ఉడికించిన బీట్‌రూట్‌కి దీన్ని మించింది నాకు కనపడలేదు.

రెండోది పచ్చిపులుసు. దీన్ని డ్రెస్సింగ్‌గా ఎందుకు అనుకోరో నాకర్థం కాదు. చింతపండు రసం పలుచగా కాకుండా కాస్త చిక్కగా తీసి, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, నువ్వుల పొడి ఒక చెంచా, సన్నటి ఉల్లిగడ్డ, కొత్తిమీర వేసి, టీస్పూన్ నూనెలో జీలకర్ర, ఆవాల పోపు పెట్టండి. ఉడికించిన శనగలు, పెసలు, అలసందల మీద పోసి పావుగంట ఉంచితే గింజ లోపలికి పులుపు దిగుతుంది. మధ్యాహ్నం డ్యూటీలో ఉండేవాళ్లకి ఇదే పూర్తి భోజనం.

పెరుగుది అందరికీ తెలుసు కానీ నీళ్లు వదిలి పాడవుతుందంటారు. కప్పు పెరుగుని పల్చటి బట్టలో కట్టి అరగంట వేలాడదీయండి, పుదీనా, వేయించిన జీలకర్ర పొడి కలపండి, ఉప్పు మాత్రం తినే ముందు వేయండి. ఉప్పు కూరగాయలోని నీళ్లని బయటికి లాగుతుంది, ఆ హన్మకొండ డబ్బాలో జరిగింది అదే. ఆకులు కడిగాక గుడ్డతో తడి లేకుండా అద్దడం కూడా మర్చిపోవద్దు, తడి ఆకుకి నూనె పట్టదు, కిందికి జారిపోతుంది.

నూనె, నిమ్మరసం కలిపితే విడిపోతున్నాయి అనేవాళ్లు చిటికెడు ఆవపిండి వేసి, చిన్న సీసాలో పోసి మూత పెట్టి గట్టిగా కుదపండి. కాసేపు కలిసే ఉంటాయి. కారం కావాలంటే మన చపాటా మిర్చి వేయండి, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ పంట అది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, పిల్లలు కూడా తినగలరు.

అపోహ: సైంధవ లవణం, నల్ల ఉప్పు బీపీకి ఏం చేయవు.

రెండూ ప్రధానంగా సోడియం క్లోరైడే. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూన్ ఉప్పు లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో చాట్ మసాలా, మామిడికాయ తొక్కు నూనె కూడా లెక్కే. నిమ్మరసం, జీలకర్ర, కొత్తిమీర పెంచితే ఉప్పు సగం వేసినా చప్పగా అనిపించదు.

అపోహ: నిమ్మరసమో వెనిగరో పడితే క్రిములు చచ్చిపోతాయి.

అన్నీ చావవు. వానాకాలంలో టైఫాయిడ్, విరేచనాలు ఇలాగే వస్తాయి. పారే శుభ్రమైన నీళ్ల కింద చేత్తో రుద్ది కడగాలి, క్యాబేజీ పై ఆకులు తీసి పడేయాలి, కోసిన వెంటనే తినాలి. గర్భిణులు, కీమో తీసుకుంటున్నవాళ్లు పచ్చివి కాకుండా ఆవిరి మీద ఉడికించిన కూరగాయలకి డ్రెస్సింగ్ వేసుకోవడం మంచిది. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు హఠాత్తుగా పెంచడం, తగ్గించడం చేయొద్దు, కిడ్నీ సమస్య ఉంటే పొటాషియం గురించి మీ డాక్టర్‌ని అడిగాకే తినండి.

ఇక నిల్వ. నువ్వుల డ్రెస్సింగ్ ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, పెరుగుది ఏ రోజుకి ఆ రోజు. పచ్చి ఎల్లిపాయ నూనెలో వేసి గట్టు మీద వారాల తరబడి ఉంచే అలవాటు మాత్రం ఈ రోజే ఆపేయండి. గాలి అందని ఆ నూనెలో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి పెరగగలదు, అది వదిలే విషానికి రంగు ఉండదు, వాసన ఉండదు. కొంచెమే చేసుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేసి, మిగిలింది పారబోయండి.