ఒకే మందు, మూడు లెక్కలు

"మహమ్మారి మీద పడ్డప్పుడు కూడా ఈ లెక్కలేమిటండీ, ఉన్న మందేదో ఇచ్చేయక?" అని ఒక పాఠకుడు అడిగారు. కోపంగానే అడిగారు. ఆయన అడిగిన లెక్కలంటే, ఒక మందో పరికరమో ఎవరికి ఎంత మేలు చేస్తుందో, ఖర్చుకు తగ్గ ఫలితముందో తూచి చూడటం. దాన్నే హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ అంటారు. ఆ పేరు వింటే నాకూ ఆఫీసు ఫైళ్ల వాసనే వస్తుంది. పేరు పక్కనబెట్టి డెక్సామెథసోన్ సంగతి చూద్దాం.

అదొక పాత, చవక స్టెరాయిడ్. బ్రిటన్‌లో 2020 మార్చిలో మొదలైన 'రికవరీ' అనే క్లినికల్ ట్రయల్‌లో ఆసుపత్రిపాలైన 2,104 మంది కోవిడ్ రోగులకు దీన్ని రోజుకు 6 మిల్లీగ్రాములు ఇచ్చారు. 4,321 మందికి మామూలు చికిత్సే. ఎవరికేదన్నది చీటీలు తీసినట్టు కంప్యూటర్ తేల్చింది. 28 రోజుల్లో మరణాలు చూడండి. వెంటిలేటర్ మీదున్నవారిలో 41.4 శాతం కాస్తా 29.3 అయింది. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారిలో 26.2 నుంచి 23.3కి దిగింది. ఆక్సిజన్ అక్కర్లేనివారిలో? 14.0 ఉండాల్సింది 17.8 తేలింది. ఈ చివరి తేడా కాకతాళీయం కావచ్చు, మేలు మాత్రం కనబడలేదు.

స్థూలంగా, మొదటి గుంపులో ఎనిమిది మందికి ఇస్తే ఒక ప్రాణం దక్కుతుంది. రెండో గుంపులో 34 మందికి ఇవ్వాలి. మూడో గుంపులో ఎందరికిచ్చినా ఆ లెక్క తేలదు. మందు ధర మూడుచోట్లా ఒకటే! అందుకే "పనిచేస్తుందా?" అన్నది సగం ప్రశ్నే. ఎవరికి, ఏ దశలో, దేనికి బదులుగా అన్నది మిగతా సగం.

ఆ "బదులుగా" దగ్గరే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు కథ. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు అందరూ దానివెంట పడ్డారు. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిమీద దాడిచేసే జబ్బు) రోగులకు రోజూ కావలసిన ఆ మందుకు కొరత వచ్చింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చి 28న కోవిడ్‌కు దాన్ని వాడేందుకు అత్యవసర అనుమతి ఇచ్చి, జూన్ 15న వెనక్కి తీసుకుంది. "ఏదో ఒకటి వేయకపోతే ఎలా" అన్నది తాయెత్తు నమ్మకానికి తోబుట్టువే. చీటీ వేసి ఇచ్చుంటే ఆ ప్రతి మోతాదూ మనకు ఏదో ఒకటి నేర్పేది.

ఇంకో మెలిక ఉంది. డెక్సామెథసోన్ ఎవరికివ్వాలో తేల్చేది రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే, వేలికి తగిలించే ఆక్సీమీటర్. నల్లని చర్మంపై అది ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపే అవకాశం ఎక్కువని 2020 డిసెంబరులో ఒక అమెరికా అధ్యయనం చూపింది. అంటే ఆక్సిజన్, దాంతోపాటు మందు అందాల్సిన మనిషి ఆ అంకె వల్లే మూడో గుంపులోకి జారిపోవచ్చు. కాబట్టి మందుతోపాటు మీటర్‌నూ మదింపు వేయాలి.