మ్యాగజైన్ తీస్తే పిస్టల్ ఖాళీ అయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు లైసెన్సు పిస్టల్ ఉన్న ఇళ్లలో పదేపదే వినిపించే మాటలివి. వీటిలో మొదటిది ప్రాణాల మీదికి తెచ్చేది, అందుకే దాని గురించి ఎక్కువ రాస్తున్నాం.

అపోహ: మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) బయటికి తీశాం, ఇక పిస్టల్ ఖాళీ.

వాస్తవం: కాదు. స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) ఒకసారి లాగి వదిలితే మ్యాగజైన్‌లోని పై రౌండు, అంటే తూటా, ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా పేలే గదిలోకి) వెళ్లి కూర్చుంటుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసినా అది అక్కడే ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పని చేయకుండా ఆపే ఏర్పాటు బ్రౌనింగ్ హై పవర్ లాంటి కొన్నిటిలో ఉంది. కోల్ట్ 1911లో లేదు. మీదాంట్లో ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు.

ఖాళీ చేసే క్రమం ఇది. మూతి ఇసుక బస్తా లాంటి, గుండును ఆపగల దాని వైపు పెట్టండి. వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. ముందు మ్యాగజైన్ తీయండి. ఆ తర్వాతే స్లయిడ్‌ను రెండు మూడుసార్లు పూర్తిగా వెనక్కి లాగండి. చివరిసారి వెనక్కి ఆపి, వెలుతురులో ఛాంబర్ లోపలికి చూడండి. స్లయిడ్‌ను వెనకే పట్టి ఉంచే స్లయిడ్ స్టాప్ ఉంటే దాన్ని వేసి, చిటికెన వేలితో తడిమి కూడా చూడండి.

ఈ క్రమం తారుమారైతే ఏమవుతుందో గమనించండి. మ్యాగజైన్ ఉండగానే స్లయిడ్ లాగితే ఛాంబర్‌లోని రౌండు ఎగిరి కింద పడుతుంది, వదలగానే ఇంకో రౌండు లోపలికి ఎక్కుతుంది. అప్పుడు మ్యాగజైన్ తీస్తారు. కింద పడిన రౌండు కళ్లెదుట ఉంటుంది కాబట్టి అంతా అయిపోయిందనుకుంటారు. ఛాంబర్ మాత్రం నిండుగానే ఉంటుంది.

అపోహ: పిస్టల్ మీద 'ఆటో' అని ఉంటే, ట్రిగ్గర్ పట్టుకున్నంతసేపు పేలుతూనే ఉంటుంది.

వాస్తవం: ఇక్కడ ఆటో అంటే తనంతట తాను లోడు చేసుకునేదని మాత్రమే. పేలినప్పుడు స్లయిడ్ వెనక్కి వెళ్తూ ఎక్‌స్ట్రాక్టర్ కొక్కెంతో ఖాళీ కేసును (తూటా గుల్లను) లాగుతుంది, అది ఎజెక్టర్‌కు తగిలి బయటికి ఎగురుతుంది, హేమర్ (తూటాను పేల్చే సుత్తి) వెనక్కి వంగుతుంది. రికాయిల్ స్ప్రింగ్ స్లయిడ్‌ను ముందుకు తోస్తుంది, దారిలో కొత్త రౌండు ఛాంబర్‌లోకి వెళ్తుంది. మళ్లీ పేలకుండా ఆపేది డిస్కనెక్టర్. వేలు వదిలి మళ్లీ నొక్కితే తప్ప అది ట్రిగ్గర్‌ను సియర్‌తో (హేమర్‌ను పట్టి ఉంచే కొక్కెంతో) కలవనివ్వదు. ట్రిగ్గర్ తేలిక కావాలని సియర్‌ను ఆకురాయితో అరగదీయించకండి. ఒక నొక్కుకు రెండు పేలే జబ్బు అలా కూడా వస్తుంది. అలా పేలితే ఖాళీ చేసి, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరికి తీసుకెళ్లండి.

అపోహ: .32 అంటే .32, ఏ రౌండైనా ఒకటే.

వాస్తవం: .32 పిస్టల్ రౌండు 7.65×17 ఎంఎం, మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ రౌండు 7.65×23 ఎంఎం. పొడుగుది పిస్టల్‌లో పట్టదు. పొట్టిది రివాల్వర్‌లో దూరినా, దాని పీడనం ఎక్కువ (చదరపు అంగుళానికి 20,500 పౌండ్లు, రివాల్వర్ రౌండుది 15,000). అందుకే దూరింది కదా అని పేల్చకూడదు.

ఇంకో చిక్కు ఉంది. పిస్టల్ రౌండు అడుగు అంచు కేసు కంటే కొంచెం బయటికి ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు ప్రతి పై రౌండు అంచు కింది రౌండు అంచుకు ముందు ఉండాలి. వెనక్కి పడితే రెండూ కొక్కెం పడి స్లయిడ్ మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు బలవంతంగా కొట్టకుండా మ్యాగజైన్ తీసి, రౌండ్లు చేత్తో దింపి మళ్లీ నింపండి.

అపోహ: జామ్ అయితే పిస్టల్ నాసిరకం.

వాస్తవం: ముందు మ్యాగజైన్ పెదాలు (రౌండును పట్టి ఉంచే పై అంచులు) వంగాయేమో చూడండి, తర్వాత మీ పట్టు చూడండి. మణికట్టు వదులుగా ఉంటే స్లయిడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు, ఖాళీ కేసు నిలువుగా ఇరుక్కుంటుంది. శబ్దం మామూలు కంటే మెత్తగా వచ్చి గుండు బయటికి పోయిందో లేదో అనిపిస్తే మాత్రం ఇంకో రౌండు అస్సలు పేల్చొద్దు. గుండు బ్యారెల్‌లో ఇరుక్కుని ఉంటే తర్వాతి రౌండు బ్యారెల్‌ను చీల్చేస్తుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే 30 సెకన్లు మూతి అటే ఉంచండి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

అపోహ: ఎంత నూనె పోస్తే అంత మంచిది, తోలు కవరులో ఉంటే తుప్పు పట్టదు.

వాస్తవం: రెండూ తప్పే. మన ఎర్రమట్టి దుమ్ము, నూనె కలిసి పేస్టులా తయారవుతాయి. స్లయిడ్ పట్టాలకు ఒక్కో చుక్క, బ్యారెల్ లోపల పల్చని పూత చాలు. ఫైరింగ్ పిన్ (తూటా అడుగును పొడిచే సూది) దారిలో పోయకండి. తోలు వానాకాలపు చెమ్మ పీల్చుకుని ఇనుముకు అంటిస్తుంది, కాబట్టి హోల్‌స్టర్ మోయడానికే, దాచడానికి కాదు.

అపోహ: పెళ్లి ఊరేగింపులో గాలిలోకి పేలిస్తే ఎవరికీ హాని లేదు.

వాస్తవం: ఏటవాలుగా పైకి వెళ్లిన గుండు, మనిషిని చంపగల వేగంతోనే ఎక్కడో దిగుతుంది. ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత దీనికి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అపోహ: లైసెన్సు ఉంది కాబట్టి ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు.

వాస్తవం: లైసెన్సులో ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. ఒడిశా వరకే అని ఉంటే, పర్లాకిమిడి నుంచి పక్కనున్న ఆంధ్రలోని పాతపట్నానికి తీసుకెళ్లినా తప్పే. గుణుపురంలో నౌపడ రైలెక్కితే టెక్కలి చేరేలోపే రాష్ట్రం మారిపోతుంది. చుట్టరికాలు, పొలాలు అటూ ఇటూ ఉన్నవాళ్లు ప్రయాణానికి ముందే, లైసెన్సు ఇచ్చిన అధికారి దగ్గర పరిధి పెంచమని దరఖాస్తు చేసుకోవాలి.